వడ్డీ లేని యిల్లు

తెల్లవారకమునుపే పొలమునకు పోయి ప్రొద్దు గ్రుంకిన పిమ్మట తిరిగివచ్చు కూలివానిని సోమరి యని యెవరును అనజాలరు. అయినను అతడు తన జీవితకాలమంతయు కారుచున్న కప్పు క్రిందనే గడుపుచున్నాడు. ఇందుకు కారణమేమి? ఒక లెక్క చూడుడి. ఇల్లు కట్టుకొనుటకై అతడు లక్ష రూపాయలు, నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చెననుకొనుడి. నెలకు 2,000 రూపాయల చొప్పున అయిదేండ్లు చెల్లించినను ఆ 1,20,000 రూపాయలును వడ్డీకే చెల్లును; అసలు అట్లే నిలిచియుండును. అదే సొమ్ము వడ్డీ లేక దొరికినయెడల 50 నెలలలో అప్పంతయు తీరిపోవును. చెమట ఒక్కటే, ఫలము వేరు.

ఈ లెక్కను గ్రహించి, దానినే పునాదిగా చేసికొని వేలకొలది యిండ్లు కట్టినవారి చరిత్ర మీరు తెలిసికొనదగినది.

అమెరికా దేశమున జార్జియా రాష్ట్రములో అమెరికస్ అను పట్టణము కలదు. దాని సమీపమున 1942లో క్లారెన్స్ జోర్డన్ అను బాప్టిస్టు బోధకుడును అతని సహచరులును ఒక వ్యవసాయక్షేత్రము నెలకొల్పి, దానికి కొయినోనియా అని పేరిడిరి. అది గ్రీకు మాట, సహవాసమని అర్థము. ఆ ప్రాంతమున నల్లవారు తెల్లవారితో ఒకే బల్లయొద్ద కూర్చుండుట మహాపరాధముగా ఎంచబడిన దినములవి. కొయినోనియాలో ఇరు తెగలవారును కలిసి పనిచేసి, కలిసి భుజించిరి. అందుచేత 1950 తరువాతి యేండ్లలో వారిపై తుపాకులు కాల్చిరి, బాంబులు వేసిరి. వర్తకులు వారికి సరకులమ్ముట మానిరి. అయినను వారు ఆ నేలను విడువలేదు.

1965లో మిల్లర్డ్ ఫుల్లర్ అను న్యాయవాది అక్కడికి వచ్చెను. ముప్పది యేండ్లు నిండకమునుపే పదిలక్షల డాలర్లు గడించిన ధనికుడతడు. ధనము పెరిగినకొలది అతని కాపురము చెదరిపోయెను. భార్యాభర్తలు మరల సమాధానపడి, ఆస్తి నమ్మి బీదలకిచ్చివేసిరి. 1968లో ఫుల్లర్ తిరిగి వచ్చి జోర్డనుతో కూడి ఆలోచించెను. ఆ చుట్టుపట్ల పాకలలో నివసించు కూలివారికి భిక్ష అక్కరలేదు. పెట్టుబడియు, తోడుగా నిలుచు చేతులును కావలెను అని వారు తలంచిరి.

కనుక వారు ఒక నిధి ఏర్పరచి, అర ఎకరము చొప్పున 42 ఇండ్లస్థలములు గుర్తించిరి. వారి పద్ధతి యిది: ఇల్లు లాభము లేకుండ అమ్మబడును. బాకీ అనేక సంవత్సరములలో, వడ్డీ లేకుండ, నెలనెలకు చెల్లింపవలెను. ఇంటివారును స్వచ్ఛందముగా వచ్చినవారును కలిసి గోడలు లేపుదురు. చెల్లించిన ప్రతి డాలరును మరల నిధిలో చేరి వేరొక కుటుంబమునకు ఇల్లగును. బీదవానియొద్ద వడ్డీ తీసికొనరాదని నిర్గమకాండము 22వ అధ్యాయములో నున్న ఆజ్ఞను వారు ఉన్నదున్నట్లు పాటింప పూనుకొనిరి.

మొదటి యిల్లు పూర్తి కాకమునుపే, 1969 అక్టోబరులో జోర్డన్ ఆకస్మికముగా మృతినొందెను. పని మాత్రము ఆగలేదు. 1973 నుండి ఫుల్లర్ కుటుంబము ఆఫ్రికాలో, నాడు జైరె యనబడిన దేశమున, ఈ పద్ధతినే నడిపి చూచెను. 1976లో వారు అమెరికస్‌కు తిరిగి వచ్చి హాబిటాట్ ఫర్ హ్యూమానిటీ అను సంస్థను స్థాపించిరి. 1984 మొదలుకొని, అమెరికా అధ్యక్షుడుగా నుండిన జిమ్మీ కార్టర్ తానే సుత్తి పట్టి దాని పనిలో పాల్గొనెను. ఈ వృత్తాంతము మనకు దూరమైనది కాదు. ఆ సంస్థ భారతదేశమున తన పనిని 1983లో మన ఖమ్మములోనే ప్రారంభించెను.

ఇల్లు ఉచితముగా ఇచ్చిన మేలు కాదా యని మీరు అడుగవచ్చును. వృద్ధులకును దిక్కులేనివారికిని అట్లే ఇయ్యవలెను. అయితే కష్టపడగలవాడు తన చేతులతో ఇటుక మోసి, తన సంపాదనతో బాకీ తీర్చినప్పుడు ఆ గడప అతనిదగును; ఎవరి యెదుటను అతడు తల వంచనక్కరలేదు. అంతేకాదు, అతడు చెల్లించు ప్రతి కంతు తానెరుగని మరియొక కుటుంబమునకు కానుక యగును. నిన్న పుచ్చుకొన్నవాడు నేడు ఇచ్చువాడగుచున్నాడు. అయితే ఒకడు చెల్లించుట మానినయెడల, వరుసలో నున్న మరియొక తల్లి వానలో తడియుచు వేచియుండవలసినదే. ప్రేమతో ఇచ్చిన అప్పును నమ్మకముగా తీర్చుటయు ప్రేమయే.

పిడికెడు బియ్యము కూర్చి మందిరములు కట్టుకొన్న సంఘములు మనలో ఎన్నియో కలవు. మీలో తాపీపనివారున్నారు, వడ్రంగులున్నారు, ఇటుకలు మోయు యౌవనస్థులున్నారు. ఈ సంవత్సరపు కోతపండుగ కానుకలలో కొంత భాగము తీసి వడ్డీ లేని చిన్న నిధిగా నుంచి, మీ పేటలో మిక్కిలి పాడైన కప్పు ఎవరిదో విచారించి, ఆ యింటివారితో కలిసి పని మొదలు పెట్టరాదా?