పాత డెస్క్‌టాప్‌కు కొత్త విండోస్: కార్డు కొనేముందు పెట్టె తెరిచి చూడాలి

కోవూరు: పెన్నకు ఉత్తరపు గట్టున, నెల్లూరుకు ఎదురుగా ఉన్న కోవూరులో రైసుమిల్లు గుమాస్తా బల్ల మీద, ఫొటో స్టూడియో వెనుక గదిలో, డీటీపీ దుకాణంలో పదేళ్లు దాటిన డెస్క్‌టాప్ కంప్యూటర్లు నేటికీ పనిచేస్తూ కనిపిస్తాయి. వీటిలో విండోస్ 10తో నడిచే వాటికి 2025 అక్టోబరు 14న ఒక గడువు ముగిసింది. ఆ తేదీతో మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కు సాధారణ భద్రతా సవరణలు అందించడం నిలిపివేసింది. యంత్రం ఆగిపోలేదు, తెర మీద ఏ మార్పూ రాలేదు. అందువల్లనే చాలామందికి ఆ సంగతి తెలియకుండానే గడిచిపోయింది.

తెలిసినవారిని ఇప్పుడు వేధిస్తున్న ప్రశ్న ఒక్కటే. పాత పెట్టెలో కొత్త విండోస్ వేయించుకోవాలా, లేక పెట్టెనే మార్చాలా? మరమ్మతు దుకాణానికి వెళితే ‘విండోస్ 11 వేస్తాం, పనిలో పనిగా గ్రాఫిక్స్ కార్డు కూడా మార్చుకోండి, వేగం పెరుగుతుంది’ అన్న సలహా వినబడుతుంది. నిజానికి ఈ రెండూ వేర్వేరు పనులు. ఒకదాని కోసం మరొకటి అవసరమయ్యే సందర్భాలు తక్కువ. ఈ తేడా గ్రహించకపోతే వేల రూపాయలు వృథా అయ్యే ప్రమాదం ఉంది.

గడువుల వరుస

ఇటువంటి గడువులు కొత్తవి కావు. 2001 అక్టోబరులో విడుదలైన విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, 2009లో వచ్చిన విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 8.1కు 2023 జనవరి 10న ఇదేవిధంగా తెరపడింది. విండోస్ 10 వాడే వ్యక్తిగత వినియోగదారులకు మాత్రం 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలను పొడిగించే పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఇందుకు మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు కావలసి ఉంటుంది. దుకాణదారు ఎవరూ దీని ప్రస్తావన తేకపోవచ్చు, అందులో వారికి మిగిలేదేమీ లేదు కనుక.

గత మార్పులకూ ఈ మార్పుకూ ఒక ముఖ్యమైన భేదం ఉంది. ఎక్స్‌పీ నుంచి 7కు, 7 నుంచి 10కి వెళ్లేటప్పుడు ర్యామ్ పెంచితే చాలావరకు పని జరిగేది. విండోస్ 11 అలా కాదు. ప్రాసెసర్ తరాన్ని, మదర్‌బోర్డులోని భద్రతా ఏర్పాటును కూడా పరిశీలించి, సరిపోకపోతే గడప దాటనివ్వదు.

ఏ పెట్టెకు అర్హత ఉంది?

ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం, ఏఎండీ అయితే రైజెన్ 2000 శ్రేణి లేదా ఆ తరువాతివి ఉండాలన్నది స్థూలమైన నిబంధన. తరాన్ని గుర్తించడం కష్టమేమీ కాదు. ‘ఐ5-4570’ అని ఉంటే గీత తరువాతి మొదటి అంకె 4, అంటే నాలుగో తరం. ‘ఐ5-8400’ ఎనిమిదో తరం. అయిదంకెలు ఉంటే మొదటి రెండూ కలిపి చదవాలి, ‘10400’ పదో తరం. ‘ఐ5’ అన్న పేరు చూసి సంబరపడటంలో అర్థం లేదు. 2010లో కొన్నదీ ఐ5 కావచ్చు, నిరుడు కొన్నదీ ఐ5 కావచ్చు.

ప్రాసెసర్ సరిపోయాక టీపీఎం 2.0 అన్న భద్రతా చిప్, యూఈఎఫ్‌ఐ పద్ధతి, సెక్యూర్ బూట్ సదుపాయం ఉండాలి. ర్యామ్ కనీసం 4 జీబీ, నిల్వ స్థలం 64 జీబీ అని కంపెనీ చెబుతుంది. ఆచరణలో 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ లేనిదే పని సాఫీగా సాగదు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ‘పీసీ హెల్త్ చెక్’ అన్న చిన్న ప్రోగ్రామ్ నడిపితే అర్హత ఉన్నదీ లేనిదీ అదే తేలుస్తుంది.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. ఎనిమిదో తరం యంత్రాలు కూడా కొన్నిసార్లు ‘టీపీఎం లేదు’ అని చూపుతాయి. చిప్ లేక కాదు, బయోస్‌లో దానిని ఆపి ఉంచడం వల్ల. ఇంటెల్ బోర్డుల్లో ‘పీటీటీ’ అని, ఏఎండీ బోర్డుల్లో ‘ఎఫ్‌టీపీఎం’ అని ఉండే ఐచ్ఛికాన్ని ఆన్ చేస్తే సరిపోతుంది. అయిదు నిమిషాల ఈ పనికి కొత్త మదర్‌బోర్డు కొనిపించే ప్రబుద్ధులు లేకపోలేదు. హార్డ్ డిస్క్ పాత ఎంబీఆర్ పద్ధతిలో విభజించి ఉంటే జీపీటీకి మార్చుకోవాలి. విండోస్ 10లోనే అందుకు సాధనం ఉంది, డేటా చెరిపివేయనక్కరలేదు. అయినా ముందుగా నకలు తీసుకోకుండా ఆ పనికి పూనుకోరాదు.

అర్హత లేని యంత్రంలోనూ రిజిస్ట్రీ చిట్కాలతో విండోస్ 11 వేసేవారున్నారు. అది నడవవచ్చు. కానీ అటువంటి యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టం చేసింది. 2024లో వచ్చిన 24హెచ్2 కూర్పు కోర్ 2 డుయో తరం ప్రాసెసర్లపై అసలు బూట్ కాదు. ఇంట్లో పిల్లల కంప్యూటర్‌తో ప్రయోగం చేయవచ్చునేమో గాని, మిల్లు లెక్కలు, జీఎస్‌టీ వివరాలు ఉన్న యంత్రాన్ని ఈ అడ్డదారిన నడపడం తెలివైన పని కాదు.

గ్రాఫిక్స్ కార్డు ఎవరికి అవసరం?

విండోస్ 11కు కావలసిన డైరెక్ట్ ఎక్స్ 12 సామర్థ్యం ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్లలో అంతర్భాగంగా ఉండే గ్రాఫిక్స్‌కు ఉంది. అంటే అర్హత ఉన్న యంత్రానికి విండోస్ కోసమని ప్రత్యేకంగా కార్డు కొనవలసిన పని లేదు. పేరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లకు మాత్రం అంతర్గత గ్రాఫిక్స్ ఉండదు కనుక కార్డు తప్పనిసరి. మరోవైపు, అర్హత లేని నాలుగో తరం యంత్రానికి ఎంత ఖరీదైన కార్డు తగిలించినా అర్హత రాదు. అడ్డుపడుతున్నది ప్రాసెసర్ కనుక.

కంప్యూటర్ ఆన్ కావడానికి మూడు నిమిషాలు పడుతోందంటే ఆ నెమ్మదికి కారణం చాలాసార్లు తిరిగే హార్డ్ డిస్కే. దాని స్థానంలో 256 జీబీ ఎస్‌ఎస్‌డీ పెడితే కలిగే మార్పు ఏ కార్డు వల్లా కలగదు. టైపింగ్, బిల్లింగ్, టాలీ, ఇంటర్నెట్ పనులకు ఇంతకుమించి అక్కరలేదు.

కార్డు నిజంగా అక్కరకు వచ్చేది స్టూడియోలకు, ఆటలాడే కుర్రకారుకు. పెళ్లి వీడియోలు ఇప్పుడు 4కే నాణ్యతలో, హెచ్‌ఈవీసీ పద్ధతిలో కుదించి రికార్డు అవుతున్నాయి. వాటిని విప్పి చూపే ఏర్పాటు పాత ప్రాసెసర్లలో లేకపోవడంతో ఎడిటింగ్ సమయంలో దృశ్యం ఆగి ఆగి కదులుతుంది. కార్డు ఎంపికలో పొరపాటు జరిగితే డబ్బు పోయి ఇబ్బంది మిగులుతుంది. దుకాణాల్లో చవకగా దొరికే జీటీ 710, జీటీ 730 కార్డులు హెచ్‌ఈవీసీని విప్పలేవు. పైగా జీటీ 710 ఏ కెప్లర్ తరానికి చెందినదో ఆ తరానికి కొత్త డ్రైవర్లు విడుదల చేయడాన్ని ఎన్‌విడియా సంస్థ 2021లోనే మానుకుంది, భద్రతా సవరణలు కూడా 2024తో ముగిశాయి. సీలు తీయని డబ్బాలో వచ్చినా అది కొత్త సరుకు కాదన్నమాట.

జీటీ 1030 హెచ్‌ఈవీసీని విప్పగలదు గాని, పూర్తయిన వీడియోను కుదించి భద్రపరిచే ఎన్‌కోడర్ దానికి లేదు. ఏఎండీ ఆర్‌ఎక్స్ 6400దీ అదే లోపం. అంతేగాక అది నాలుగే లేన్లు వాడుకునే కార్డు కావడం వల్ల పాత మూడో తరం పీసీఐ స్లాటులో దాని వేగం తగ్గుతుంది. జీటీఎక్స్ 1650కి ఈ రెండు సామర్థ్యాలూ ఉన్నాయి కనుక స్టూడియో పనికి ఈ తరగతిలో అదే నయం. జీటీఎక్స్ 900, 10 శ్రేణులకు ఎన్‌విడియా సాధారణ డ్రైవర్ల విడుదలను 2025 అక్టోబరుతో ముగించి, భద్రతా సవరణలను 2028 అక్టోబరు వరకు ఇస్తామని ప్రకటించింది. సెకండ్ హ్యాండ్‌లో జీటీఎక్స్ 1050 టీఐ కొనేవారు ఈ సంగతి మనసులో ఉంచుకుని బేరమాడాలి.

అసలు మెలిక ఎస్‌ఎంపీఎస్‌లో

కార్డు తెచ్చి బిగించాక కంప్యూటర్ ఆన్ కాకపోవడం, ఆట మొదలుపెట్టగానే ఆగిపోవడం వంటి ఫిర్యాదుల వెనుక తరచు కార్డు దోషం ఉండదు. విద్యుత్తు చాలక అలా జరుగుతుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు గరిష్ఠంగా 75 వాట్లు మాత్రమే అందిస్తుంది. అంతకు మించిన కార్డులకు ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా వైరు తగిలించాలి. ఆరు పిన్నుల వైరు మరో 75 వాట్లు, ఎనిమిది పిన్నుల వైరు 150 వాట్లు ఇస్తాయి. క్యాబినెట్‌తో కలిపి ఇచ్చే చవకరకం ఎస్‌ఎంపీఎస్ మీద ‘450 వాట్లు’ అని రాసి ఉన్నా యథాతథంగా నమ్మరాదు. స్టిక్కరులో 12 వోల్టుల లైనుకు ఎదురుగా ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి 12తో గుణించాలి. 18 ఆంపియర్లు ఉంటే దక్కేది 216 వాట్లే. అందులోంచి ప్రాసెసర్, ఫ్యాన్లు, డిస్కులు వాడుకోగా మిగిలిందే కార్డుకు.

కార్యాలయాల నుంచి బయటకు వచ్చే డెల్, హెచ్‌పీ, లెనొవో వంటి బ్రాండెడ్ డెస్క్‌టాప్‌ల సంగతి వేరు. వాటిలో చాలా నమూనాలకు ఎస్‌ఎంపీఎస్ కొలతలు, కనెక్టర్లు ఆ కంపెనీకే ప్రత్యేకం. బజారులో దొరికేది అందులో కూర్చోదు. సన్నని పెట్టె అయితే కార్డు కూడా తక్కువ ఎత్తు ఉన్నదే కావాలి. అదనపు వైరు అవసరం లేని 75 వాట్ల లోపు కార్డే వీటికి దిక్కు.

మానిటర్‌నూ చూసుకోవాలి. 2016లో వచ్చిన జీటీఎక్స్ 10 శ్రేణి మొదలు ఎన్‌విడియా కార్డులు పాత వీజీఏ సంకేతాన్ని ఇవ్వవు. నీలిరంగు వీజీఏ తీగ మాత్రమే ఉన్న మానిటర్‌కు హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే కన్వర్టర్ కొనవలసి ఉంటుంది. కార్డు బిగించిన తరువాత తీగను కార్డుకు కాక మదర్‌బోర్డుకే తగిలించి ‘కార్డు పనిచేయడం లేదు’ అని తిరిగి దుకాణానికి వెళ్లేవారు కూడా ఉన్నారు.

డీటీపీ దుకాణాల చిక్కు

విండోస్ మార్చేముందు అందరికంటే ఎక్కువగా ఆలోచించవలసినవారు డీటీపీ నిర్వాహకులు. శుభలేఖలు, కరపత్రాలు, ఓటరు స్లిప్పులు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో తయారయ్యాయి. పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0 వచ్చింది 2001లో. దానిని అడోబ్ సంస్థ ఎన్నడో వదిలివేసింది. కొత్త విండోస్‌లో అది కొందరికి నడుస్తోంది, కొందరికి మొరాయిస్తోంది. ఏది జరిగినా అడిగే దిక్కు లేదు. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసినది యూనికోడ్ కాదు కనుక ఆ ఫాంట్ లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి.

ఈ కారణంగా పాత డిస్కును చెరిపి కొత్త విండోస్ వేయడం కంటే, ఎస్‌ఎస్‌డీలో కొత్తది వేసుకుని పాత డిస్కును తాకకుండా పక్కన ఉంచుకోవడం మేలు. పాత ఫైలు అవసరమైననాడు ఆ డిస్కుతో బూట్ చేసుకోవచ్చు. కొత్త పనులను క్రమంగా యూనికోడ్‌కు మార్చుకుంటే ఈ బెడద తీరుతుంది. మండలి, సూరన్న, గిడుగు, పెద్దన, ధూర్జటి వంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే లభిస్తున్నాయి. ఒకప్పుడు ఫాంట్ల కొరత గురించి చెప్పిన సాకు ఇక చెల్లదు.

మార్చకూడని యంత్రాలూ ఉన్నాయి. వేబ్రిడ్జి వద్ద పాత సీరియల్ పోర్టుతో తూకం యంత్రానికి, ప్యారలల్ పోర్టుతో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కు కలిపి ఉన్న కంప్యూటర్ సక్రమంగా పనిచేస్తూ ఉంటే దానిని కదపకపోవడమే ఉత్తమం. ఇంటర్నెట్ తీగ పీకివేసి, పెన్‌డ్రైవ్‌ల రాకపోకలు ఆపితే విండోస్ ఎంత పాతదైనా బయటినుంచి వచ్చే ముప్పు చాలావరకు తగ్గుతుంది.

అర్హత లేని యంత్రానికి లినక్స్ మరో దారి. మింట్, ఉబుంటు వంటివి నాలుగో తరం యంత్రాల్లో హాయిగా నడుస్తాయి, తెలుగు టైపింగ్ సదుపాయం వాటిలోనే ఉంటుంది. మన దేశంలో సీ-డాక్ సంస్థ ‘బాస్’ లినక్స్‌ను రూపొందించగా, హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగు లినక్స్ కోసం కృషి చేసింది. ఇంటర్నెట్, ఉత్తరాలు, చదువుల అవసరాలకు ఇది చాలు. టాలీ, ఫొటోషాప్ మీద బతికేవారికి మాత్రం పనికిరాదని ముందే చెప్పడం న్యాయం.

సెకండ్ హ్యాండ్ బేరం

చెన్నై రిచీ స్ట్రీట్ నుంచో, సికింద్రాబాద్ సీటీసీ నుంచో పాత కార్డు తెప్పించుకునేవారు రెండు విషయాలు గమనించాలి. 2022 సెప్టెంబరులో ఎథీరియం తన పద్ధతి మార్చుకోవడంతో కార్డులతో ఆ క్రిప్టో నాణేలు తవ్వడం ముగిసి, రాత్రింబవళ్లు వేడెక్కిన కార్డులు పెద్ద ఎత్తున సెకండ్ హ్యాండ్ బజారుకు వచ్చాయి. ఇక రెండోది పచ్చి మోసం. జీటీఎస్ 450 వంటి పాతకాలపు కార్డులోని బయోస్‌ను మార్చి జీటీఎక్స్ 1050 టీఐ పేరు కనిపించేలా చేసి అమ్ముతుంటారు. ‘జీపీయూ-జెడ్’ అన్న ఉచిత ప్రోగ్రామ్‌తో అక్కడికక్కడే పరీక్షిస్తే ఇది బయటపడుతుంది. పరీక్షకు ఒప్పుకోని అమ్మకందారు వద్ద కొనకపోవడం క్షేమం.

పని మొదలుపెట్టేముందు డేటాను వేరే డిస్కుకు చేర్చి, ఆ నకలు తెరుచుకుంటోందో లేదో చూసుకోవాలి. కార్డు మార్చినందువల్ల విండోస్ లైసెన్సుకు సాధారణంగా భంగం కలగదు. మదర్‌బోర్డు మారిస్తే మాత్రం మళ్లీ యాక్టివేట్ చేయవలసి రావచ్చు. అసలైన విండోస్ 10 ఉన్న అర్హమైన యంత్రానికి విండోస్ 11 ఉచితమే, అందుకు ఎవరికీ లైసెన్సు రుసుము చెల్లించనక్కరలేదు. దొంగ కాపీని యాక్టివేట్ చేసే ‘క్రాక్’ ప్రోగ్రాముల్లో వైరస్‌లు దాగి ఉండే అవకాశం హెచ్చు.

ధాన్యం దుమ్ము, ఊక నూగు గాలిలో తేలే చోట పెట్టెను ఆరు నెలలకోసారి తెరిచి బ్లోయర్‌తో శుభ్రం చేయాలి. ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకుని మరీ ఊదాలి. రోహిణి కార్తె ఎండల్లో కార్డు వేడి ఇంకా పెరుగుతుంది. అక్టోబరు, నవంబరు నెలల ఈశాన్య రుతుపవనాల వేళ ఉరుములు మొదలైతే యూపీఎస్‌ను నమ్ముకోకుండా ప్లగ్ తీసివేయడం మంచిది, ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో మరీనూ.

తీసివేసిన పాత సామగ్రిని చెత్తకుప్పలో వేయకుండా ఎలక్ట్రానిక్ వ్యర్థాలను స్వీకరించే అధీకృత కేంద్రాలకు ఇవ్వాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారులపై ఉంచాయి. పాత హార్డ్ డిస్కును అమ్మేముందు కేవలం ఫైళ్లు తొలగిస్తే చాలదు, వాటిని తిరిగి రప్పించే సాధనాలు ఉన్నాయి. ఫార్మాట్ చేసేటప్పుడు ‘క్విక్ ఫార్మాట్’ గుర్తును తీసివేసి పూర్తి ఫార్మాట్ చేయాలి. 500 జీబీ డిస్కుకు కొన్ని గంటలు పట్టవచ్చు, రాత్రి మొదలుపెట్టి వదిలేస్తే తెల్లవారేసరికి పూర్తవుతుంది.