పాత కారుకు 'వింటేజ్' గుర్తింపు.. ఇంజిన్ మార్చే ముందే ఇది చూసుకోండి

తాతగారి అంబాసిడర్‌ను మళ్లీ రోడ్డెక్కించాలనుకుంటున్నారా? మెకానిక్ 'వేరే ఇంజిన్ వేసేద్దాం సార్' అంటే వెంటనే తలూపకండి. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన కార్లు, బైకులే వింటేజ్. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులేవీ చేసి ఉండకూడదు.

పాత ఆర్‌సీ, బీమా పత్రాలతో పరివాహన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20,000, పదేళ్లు చెల్లుతుంది. ఆపై రెన్యువల్‌కు రూ.5,000. ఇప్పటికే నంబరుంటే అదే ఉంచుకోవచ్చు.

అసలు మెలిక ఇక్కడే. వింటేజ్ అయ్యాక రోజూ ఆఫీసుకు తీసుకెళ్లడం కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, రిపేర్లు.. వీటికే బయటికి తీయాలి. ఆదివారం షికారే మీ సరదా అయితే మామూలు ఆర్‌సీయే మేలు. ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటే చాలు.