హవాయి దీవుల్లో ఓడ ప్రయాణం – రేవు రేవునా చరిత్ర

హవాయి అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి మెడలో పూలదండ, చేతిలో కొబ్బరిబోండాం, వైకీకీ ఇసుకలో సాయంత్రపు నడక. అమ్మానాన్నలు ఇండియానుంచి వచ్చి ఉన్నప్పుడు, పిల్లలకి సెలవులు కలిసొచ్చినప్పుడు, అన్ని వయసులవాళ్ళకీ సరిపోయేది ఓడ ప్రయాణమేనని చివరికి తేల్చుకుంటాం. పెట్టెలు రోజూ విప్పి సర్దే పని ఉండదు. రాత్రి పడుకుని పొద్దున్న లేస్తే కిటికీ బయట ఇంకో ద్వీపం కనిపిస్తుంది. శాకాహారుల సంగతి మాత్రం ముందే చెప్పి ఉంచుకోవాలి.

ఓడవాళ్ళు చేతికిచ్చే రంగురంగుల కాగితాల్లో హులా నాట్యం గురించీ, అగ్నిపర్వతాల గురించీ బోలెడంత ఉంటుంది గానీ, ఆ దీవుల్లో మొన్నమొన్నటిదాకా ఒక స్వతంత్ర రాజ్యం ఉండేదనీ, దానికొక రాణి ఉండేదనీ, ఆమెను గద్దె దింపారనీ ఒకటి రెండు వాక్యాలకు మించి కనపడదు. నిజానికి ఆ దీవులకు మనుషులూ, రోగాలూ, చెరకూ, బడులూ, చివరికి పరాయి జెండా కూడా ఓడలమీదే వచ్చాయి. కాబట్టి ఓడ ఆగే రేవులను పట్టుకునే ఆ కథ చెప్పుకోవచ్చు. ఓడ వెళ్ళే వరస వేరు, చరిత్ర నడిచిన వరస వేరు. ఇక్కడ చరిత్ర వరసలోనే వెళదాం.

ఓడ సంగతి

ఒకప్పుడు అమెరికానుంచి హవాయికి ఓడే దిక్కు. శాన్‌ఫ్రాన్సిస్కోనుంచి సుమారు 2,400 మైళ్ళు. మాట్సన్ కంపెనీ 1927లో "మలోలో" అనే పెద్ద ఓడను నడపడం మొదలుపెట్టి, అందులో వచ్చేవాళ్ళు దిగడానికి అదే ఏడు వైకీకీలో గులాబీరంగు రాయల్ హవాయియన్ హోటలు తెరిచింది. ఓడ వచ్చిన రోజు హొనొలులు ఊరంతా రేవులోనే ఉండేది. బ్యాండుమేళం, పూలదండలు, నీళ్ళలో వేసిన నాణేలకోసం దూకే కుర్రాళ్ళు, అదంతా ఒక తిరనాళ్ళే. 1959లో జెట్ విమానాలు రావడంతో ఆ సందడి తగ్గిపోయింది.

దీవుల చుట్టూ విహారానికి తిప్పే ఓడల్లో మనవాళ్ళలో కొందరికి గుర్తుండేవి "ఇండిపెండెన్స్", "కాన్‌స్టిట్యూషన్". మొదటిది 1980నుంచి 2001దాకా నడిచింది. ఇప్పుడు హొనొలులులో శనివారం బయల్దేరి, మావీ, హీలో, కోనా, కవాయి చూపించి మళ్ళీ శనివారానికి తిరిగొచ్చే పెద్ద ఓడ "ప్రైడ్ ఆఫ్ అమెరికా". 2005నుంచీ నడుస్తోంది. ఇలాంటివి ఇంకో నాలుగు లేవేం అని అనుమానం రావచ్చు. 1886నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడ ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్న ప్రయాణీకులను, మధ్యలో పరదేశపు రేవు తాకకుండా, అమెరికా రేవుల మధ్యనే తిప్పి దించకూడదు. పడమటి తీరంనుంచి హవాయి వచ్చిపోయే ఓడలు మెక్సికోలోని ఎన్సెనాడాలో ఓసారి ఆగేది అందుకే. ఆ చట్టం పుట్టిననాటికి హవాయి అమెరికాది కాదు. అమెరికాలో ఎలా కలిసిందన్నదే అసలు కథ.

కోనా: రాజ్యం పుట్టిన చోటు

కోనాలో పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు. చిన్న పడవల్లో దింపుతారు. ఆ పడవ ఆగే కైలువా రేవు పక్కనే గడ్డితో కప్పిన పాత గుడి ఒకటి కనిపిస్తుంది. దీవులన్నిటినీ ఏకం చేసిన కమెహమెహ మహారాజు చివరి రోజులు గడిపి, 1819లో కన్నుమూసింది అక్కడే.

అంతకు ఎనిమిది వందల ఏళ్ళ ముందునుంచీ, అంటే ఇంచుమించు నన్నయగారు రాజమహేంద్రవరంలో భారతం తెనిగించిన కాలంనుంచీ, దక్షిణాన ఉన్న పోలినీషియా దీవులవాళ్ళు జంట పడవల్లో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. దిక్సూచి లేదు, పటం లేదు. చుక్కలు, కెరటాల తీరు, పక్షుల రాకపోకలు, ఇవే ఆధారం. అదంతా గాలివాటంగా కొట్టుకొచ్చిన వలస అని కొందరు కొట్టిపారేశారు. 1976లో "హోకులేయా" అనే జంట పడవ ఏ పరికరమూ లేకుండా హవాయినుంచి తాహితీ చేరి ఆ మాట తప్పని చూపించింది. దానికి దారి చూపినవాడు మైక్రొనీషియాకు చెందిన మావ్ పియాయిలుగ్.

1778 జనవరిలో కెప్టెన్ కుక్ కవాయి ద్వీపంలో దిగాడు. మరుసటి ఏడు కోనా దగ్గరి కెయలకెకువా అఖాతానికి వచ్చినప్పుడు మొదట ఘనంగా మర్యాదలు జరిగాయి. తర్వాత ఒక పడవ దొంగతనం విషయంలో గొడవై, కుక్ ఏకంగా అక్కడి రాజునే బందీగా పట్టుకుపోవాలని చూశాడు. ఆ కొట్లాటలో 1779 ఫిబ్రవరి 14న చనిపోయాడు.

ఆ రాజు దగ్గర ఉన్న యువకుడే కమెహమెహ. తెల్లవాళ్ళ తుపాకులూ ఫిరంగులూ ఏం చేయగలవో చూసి, వాటిని సంపాదించి, 1795నాటికి చాలా ద్వీపాలు గెలిచాడు. కవాయి మాత్రం యుద్ధంలో చిక్కలేదు. ఒకసారి తుఫాను, ఇంకోసారి అంటువ్యాధి అడ్డొచ్చాయి. 1810లో సంధితో కలిసింది. ఆయన పోయిన ఏడే, రాణి కాహుమానూ, కొత్త రాజూ కలిసి "కపు" అనే పాత మడి, నిషేధాల పద్ధతిని ఎత్తేశారు. ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి కూర్చుని భోంచెయ్యడమే దానికి గుర్తు. మరుసటి ఏడు, 1820లో, బోస్టన్‌నుంచి క్రైస్తవ మిషనరీల ఓడ సరిగ్గా అదే రేవుకు వచ్చింది.

మావీ: అచ్చయిన మాట, అంటిన రోగం

మావీలో ఓడ కాహులూయిలో రెండు రోజులుంటుంది. అక్కడినుంచి కారులో గంటలోపు దూరంలో ఉన్న లహైనా 1845దాకా రాజధాని. తిమింగలాల వేట ఓడలన్నీ ఆగే ఊరు.

మిషనరీలు హవాయి భాషకు లిపి కుదిర్చారు. ఇవాళ్టి లెక్కలో మొత్తం పదమూడే అక్షరాలు! మన యాభై ఆరు దిద్దినవాళ్ళకి నవ్వు రావచ్చు. కానీ ఆ భాషకీ మన భాషకీ ఒక చుట్టరికం లాంటిది ఉంది. అందులో ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. మనం బస్సు, కారు, రైలు అని చివర ఉకారం తగిలించుకున్నట్టే, వాళ్ళు "మెరీ క్రిస్మస్"ని "మెలే కలికిమకా" చేసుకున్నారు. లహైనా పైనున్న కొండమీది బడిలో 1834లో హవాయి భాషలో తొలి పత్రిక అచ్చయింది. ఒక్క తరంలో రాజునుంచి రైతుదాకా చదవడం నేర్చుకున్నారంటే అతిశయోక్తి కాదు.

చదువుతోపాటే రోగాలూ వచ్చాయి. మనలో వైద్యవృత్తిలో ఉన్నవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వందల ఏళ్ళు బయటి ప్రపంచంతో సంబంధం లేని జనానికి పొంగు, కోరింతదగ్గు, ఇన్‌ఫ్లుయెంజా, సుఖవ్యాధులు, 1853లో మశూచి, ఒకదాని వెనక ఒకటి తగిలాయి. కుక్ వచ్చేనాటికి దీవుల్లో మూడు లక్షలకు అటూ ఇటూ జనం ఉండేవారని చాలామంది అంచనా. 1890 జనాభా లెక్కల్లో మిశ్రమ సంతానంతో కలిపి హవాయి సంతతివాళ్ళు నలభై వేలు. పొరుగున ఉన్న మొలొకాయి ద్వీపంలోని కలౌపాపాకు 1866నుంచి కుష్ఠురోగులను బలవంతంగా పంపేవారు. ఆ పద్ధతి 1969లో గానీ ఆగలేదు. వాళ్ళ మధ్యే బతికి ఆ రోగంతోనే 1889లో పోయిన ఫాదర్ డేమియన్ పేరు చాలామంది వినే ఉంటారు. మన దేశంలో ఎప్పటినుంచో వాడుకలో ఉన్న చాల్‌మూగ్రా నూనెను ఇంజెక్షన్‌గా ఇవ్వడానికి వీలయ్యేలా 1915లో హొనొలులులో మార్చిన ఆలిస్ బాల్ పేరు మాత్రం తక్కువమందికి తెలుసు. అప్పటికామె వయసు 23.

లహైనాలో మనం తప్పక తలుచుకోవలసింది ఒక మర్రిచెట్టు. ఇండియానుంచి తెచ్చిన మొక్కను 1873లో అక్కడ నాటారు. ఊడలు దిగి దాదాపు ఎకరం మేర నీడ పరిచింది. 2023 ఆగస్టు 8న వచ్చిన కార్చిచ్చులో ఊరు బూడిదైంది. వందమందికి పైగా చనిపోయారు. చెట్టు కూడా కాలింది, కొంత ఎండిపోయింది, మిగిలింది మళ్ళీ చిగిర్చింది. అటు వెళ్ళేవాళ్ళు అది ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ ఊరని గుర్తుంచుకుని మసలుకోవాలి.

కవాయి: చెరకు తెచ్చిన చేటు

కవాయిలో నావిలివిలి రేవుకు దగ్గర్లోనే కొలోవా ఉంది. పెద్దయెత్తున చెరకు తోట మొదలైంది 1835లో అక్కడ. 1848లో రాజు భూములను పంచి పట్టాలిచ్చే పద్ధతి తెచ్చాడు. 1850లో పరదేశీయులు కూడా భూమి కొనుక్కోవచ్చునన్నారు. ఇంకేముంది, పదేళ్ళూ ఇరవయ్యేళ్ళలో సాగుభూమి చాలావరకు తోటల యజమానుల చేతికి వెళ్ళింది. 1876నుంచి హవాయి పంచదారకు అమెరికాలో సుంకం లేకుండా పోయాక ఆ యజమానులకు ఎదురు లేకపోయింది.

తోటల్లో పనికి మనుషులు చాల్లేదు. 1852నుంచి చైనావాళ్ళు, తర్వాత జపాన్, పోర్చుగల్, పోర్టోరికో, కొరియా, ఫిలిప్పీన్స్‌నుంచి కూలీలు ఓడల్లో వచ్చారు. ఇది మన కథ లాంటిదే. అదే కాలంలో కోరంగి, మద్రాసు రేవులనుంచి మన తెలుగువాళ్ళు ఇలాంటి కాంట్రాక్టులమీదే మారిషస్, నాటల్ చెరకు తోటలకు వెళ్ళారు. చివరికి హవాయి చెరకు కూడా నిలవలేదు. కాహులూయి పక్కనున్న పూనేనేలో ఆఖరి మిల్లు 2016 డిసెంబరులో మూతపడింది.

ఇదే ద్వీపంలో వైలువా దగ్గర బెంగుళూరు ప్రాంతంలో శిల్పులు చేత్తో చెక్కిన తెల్ల గ్రానైటు రాతితో కట్టిన శివాలయం ఉంది. ఆ రాళ్ళు కూడా సముద్రంమీదే వచ్చాయి. 2023లో కుంభాభిషేకం జరిగింది.

హొనొలులు: రాణి, రాజభవనం

ఓడ ఎక్కేముందో, దిగాకో, హొనొలులులో ఒక పూట ఇయొలాని రాజభవనానికి కేటాయించాలి. దాన్ని 1882లో పూర్తిచేసింది కలాకౌవా మహారాజు. శ్వేతసౌధంకంటే ముందే ఇందులో కరెంటు దీపాలు వెలిగాయి. గద్దెమీద ఉండగా భూమి చుట్టి వచ్చిన తొలి రాజు ఈయనే. 1881లో ఆ యాత్రలో కలకత్తా, బొంబాయి కూడా చూశాడు. తోటలకు కూలీలను వెతకడం ఆ యాత్ర ఉద్దేశాల్లో ఒకటి. 1887లో సాయుధులైన తోటల యజమానుల వర్గం ఆయనచేత బలవంతంగా కొత్త రాజ్యాంగంమీద సంతకం పెట్టించింది. దానికి "బాయొనెట్ రాజ్యాంగం" అనే పేరు మిగిలింది. అదే ఏడు పెర్ల్ హార్బరు అమెరికా నౌకాదళం చేతికి వచ్చింది.

ఆయన చెల్లెలు లిలియువోకలాని 1891లో రాణి అయింది. "అలోహా ఓయె" పాట కట్టింది ఈవిడే. రాజ్యాంగాన్ని సరిదిద్దబోతే, 1893 జనవరి 16న అమెరికా యుద్ధనౌక "బోస్టన్"నుంచి 162 మంది సైనికులు దిగారు. మర్నాడే రాణిని తొలగించినట్టు వ్యాపార వర్గం ప్రకటించింది. రక్తపాతం జరగకూడదని రాణి తగ్గింది. 1895లో తిరుగుబాటు విఫలమయ్యాక ఆమెను తన భవనంలోనే ఒక గదిలో ఖైదు చేశారు. అక్కడ ఆమె కుట్టిన బొంతను ఇప్పటికీ చూడవచ్చు.

1897లో అమెరికాలో విలీనం మాకొద్దంటూ 21 వేలమందికి పైగా సంతకాలు చేసి వాషింగ్టన్‌కు పంపారు. ఒప్పందం సెనేట్‌లో నెగ్గలేదు. కానీ స్పెయిన్‌తో యుద్ధం వచ్చింది, పసిఫిక్ మధ్యలో రేవు కావలసివచ్చింది. 1898లో ఒప్పందం బదులు మామూలు తీర్మానంతో పని కానిచ్చారు. 1959లో హవాయి రాష్ట్రమైంది. 1993లో, సరిగ్గా వందేళ్ళకు, రాణిని కూలదోసినందుకు అమెరికా కాంగ్రెసు లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పింది.

హీలో: పోయిన భాష తిరిగొచ్చిన చోటు

హీలోలో ఓడ దిగగానే సముద్రపు ఒడ్డు పొడుగునా ఖాళీ పచ్చిక కనిపిస్తుంది. అది ఉద్యానవనంగా పుట్టలేదు, ఒకప్పుడు అక్కడ ఇళ్ళూ దుకాణాలూ ఉండేవి. 1946లోనూ, 1960లోనూ వచ్చిన సునామీలు తుడిచిపెట్టాక మళ్ళీ కట్టకూడదని వదిలేశారు. దివిసీమ ఉప్పెన గుర్తున్నవాళ్ళకి ఆ పచ్చిక చూస్తే గుండె కలుక్కుమంటుంది.

అయితే ఈ ఊరికి ఇంకో విశేషం ఉంది. 1896లో కొత్త ప్రభుత్వం బడుల్లో ఇంగ్లీషులోనే చదువు చెప్పాలని చట్టం చేసింది. హవాయి భాష మాట్లాడిన పిల్లలు దెబ్బలు తిన్నారు. తల్లిదండ్రులూ "పిల్లలు బాగుపడాలంటే ఇంగ్లీషే" అనుకున్నారు. (ఈ మాట మనం ఎక్కడో విన్నట్టు లేదూ?) ఎనభై తొంభై ఏళ్ళు తిరిగేసరికి, నీయీహావు అనే చిన్న ద్వీపం తప్పిస్తే, ఆ భాష ధారాళంగా మాట్లాడే పిల్లలు యాభై మంది కూడా లేరని అంచనా వేశారు. రాజులు ఏలిన భాష, పత్రికలు నడిపిన భాష, రెండు మూడు తరాల్లో ఆ స్థితికి వచ్చింది.

1978లో దానికి రాష్ట్ర అధికార భాషల్లో ఒకటిగా గుర్తింపు వచ్చింది గానీ, గుర్తింపుతో పిల్లలకు మాటలు రావు కదా. 1984లో కొందరు తల్లిదండ్రులూ, ఉపాధ్యాయులూ కలిసి కవాయిలోని కెకాహాలో "పూనానా లేయో" అనే చిన్నపిల్లల బడి పెట్టారు. అంటే గొంతుల గూడు. అక్కడ పొద్దున్ననుంచి సాయంత్రందాకా హవాయి భాషే. మరుసటి ఏడు హీలోలో, హొనొలులులో తెరిచారు. 1986లో పాత నిషేధం తొలగింది, 1987లో ప్రభుత్వ బడుల్లోకి వచ్చింది. ఇవాళ హీలో విశ్వవిద్యాలయంలో ఆ భాషలో డాక్టరేటుదాకా చదవవచ్చు.

మన తెలుగుకు అంత ఆపద రాలేదు. అక్కడ కోట్లమంది ఉన్నారు. కానీ ఈ గడ్డమీద మన ఒక్కొక్క ఇంటి సంగతి తీసుకుంటే, తాతగారు ఫోనులో అడిగిన ప్రశ్నకు మనవడు ఇంగ్లీషులో జవాబు చెబుతున్న ఇళ్ళు ఎన్ని? రాజ్యం పోయినవాళ్ళు, చట్టం ఎదురుతిరిగినవాళ్ళు, జనాభా తరిగిపోయినవాళ్ళు పసిపిల్లల బడితో మొదలుపెట్టి భాషను నిలబెట్టుకున్నారు. మనకు ఏ చట్టమూ అడ్డులేదు. శనివారం ఉదయం రెండు గంటల తీరిక ఉంటే చాలు.

కనక హవాయి ఓడ ఎక్కబోయేవారికి ఒక్క మనవి. సన్‌స్క్రీనుతోపాటు ఆ పదమూడు అక్షరాలూ వెంట తీసుకెళ్ళండి. ఊళ్ళ పేర్లు పిల్లలచేత పైకి చదివించండి. అచ్చుతో ముగిసే మాటలు కాబట్టి, కాస్తో కూస్తో తెలుగు నలిగిన నోటికి అవి కష్టమనిపించవు.