రామెల్లి పుస్తకచక్రము

పాఠనిర్ణయమునకుఁ బూనిన పండితుని మొదట బాధించునది చోటులేమి. మూల మొకచోట, వ్యాఖ్యాన మొకచోట, నిఘంటువు వేఱొకచోటఁ దెఱచియుండవలెను. ఒకదానిని మూసినచో వెదకి పట్టిన పుట మఱల వెదకవలసినదే. ఈ చిక్కును దీర్చుటకై 16వ శతాబ్దమున నొక యుద్ధయంత్రశిల్పి కల్పించిన సాధనము పుస్తకచక్రము.

ఇటలీవాఁడగు అగొస్తీనో రామెల్లి ఫ్రాన్సురాజగు మూఁడవ హెన్రీ కొలువున నుండెను. 1588లోఁ బారిసునందలి తన యింటనే యంత్రములను గూర్చి యొక పెద్దపొత్తమును ముద్రింపించెను. అందు 195 చిత్రములు రాగిఱేకులపైఁ జెక్కి యచ్చొత్తఁబడినవి. వానిలో నూటికిఁ బైఁబడినవి నీరు తోడు యంత్రములే. వివరణము ఇటాలియను, ఫ్రెంచి భాషలు రెంటను గలదు. పుటల చుట్టును అచ్చుపూవుల యంచు. తన చిత్రములు కొన్ని యపహరింపఁబడినవని యాతఁడు పీఠికలో మొఱవెట్టికొనుటను జూడఁగా, సొంతయింట ముద్రించుట యాశ్చర్యము గాదు.

పుస్తకచక్రము 188వ చిత్రము. నిలువుగాఁ దిరుగు పెద్దచక్రపు టంచున వ్యాసపీఠములవంటి వాలుబల్లలు. ఒక్కొక్క బల్లమీఁద నొక పుస్తకము. చదువరి కూర్చున్నచోటు కదలక చక్రమును ద్రిప్పినచోఁ గోరిన పుస్తకము కన్నులయెదుటికి వచ్చును. కీళ్లవాతముచే లేవలేనివారికి మిక్కిలి యుపకరించునని రామెల్లి వ్రాసెను. పుస్తకములు జాఱిపడకుండుట యెట్లు? నడుమ నొక పండ్లచక్రము కదలక నిలిచియుండును. దాని నొరసికొని రెండవవరుస చక్రములు, వాని నొరసికొని బల్లల యిరుసులకు బిగించిన చక్రములు తిరుగును. నడిమిదానికిని గడపటివానికిని బండ్లసంఖ్య సమానమగుటచే, పెద్దచక్ర మెంత తిరిగినను బల్ల తన వాలును విడువదు.

ఇరుసు క్రింద బరువు వ్రేలాడఁగట్టినను నీ ఫలము సిద్ధించును గదా, యిన్ని పండ్లచక్రము లేలయని యాక్షేపము గలదు. లాఘవమునే గుణముగా నెంచు వైయాకరణులకును నీ గౌరవము రుచింపదు. అయినను వ్రేలాడు బల్ల చేయి తాఁకినంతనే యూఁగును. పుస్తక మించుక ప్రక్కకు జరిగిన నొరగును. పండ్లు పట్టిన బల్ల కా దోషము లేదు. కావున నిది యంతయు శిల్పి యాడంబరమే యనుట తొందరపాటు.

రామెల్లి దీనిని నిర్మించెననుటకు సాక్ష్యము లేదు. చిత్రము మాత్రము దూరము పోయినది. 1627లోఁ జీనాలో ముద్రితమైన యంత్రగ్రంథమునకుఁ గూడ నెక్కినది. ఇట్టి చక్రము నిజముగా నేపనికి వచ్చునో జర్మనీలోని వోల్ఫెన్‌బ్యూటెల్ గ్రంథాలయమునఁ దెలియును. అచటి ఆగస్టు ప్రభువు (1579-1666) పుస్తకచక్రముపైఁ బెట్టించినవి కావ్యములు గావు, తన గ్రంథాలయపు పట్టిక సంపుటములాఱు. ఆ పట్టికలోఁ బెక్కుపుటలు ప్రభువు స్వహస్తలిఖితములు. దినమునకుఁ బదిమాఱులు తెఱవవలసిన పొత్తము లవియే గదా!

2018లో అమెరికాలోని రాచెస్టరు సాంకేతిక విద్యాలయమునందలి విద్యార్థులు రామెల్లి చిత్రము ననుసరించి రెండు చక్రములను నిర్మించిరి. ఒక్కొక్కదానికి బల్ల లెనిమిది, బరువు 600 పౌండ్లకు దరిదాపు. పండ్లచక్రములను వారు తొలఁగింపలేదు.