బెంచి లేని రోజులు

1962 జకార్తా ఆసియా క్రీడలు. థాయిలాండ్‌తో మ్యాచ్‌లో మన డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గారు అతన్నే ఫార్వర్డ్‌గా దించారు. ఫైనల్లో గోల్ కొట్టాడు, కొరియాపై 2-1తో గెలిచాం!

ఈ కథకి అందరం మురిసిపోతాం. నాకు మాత్రం ఇప్పుడు భయమేస్తుంది. అదే తలకి ఇంకో దెబ్బ తగిలుంటే? ప్రపంచ కప్‌లో సబ్‌స్టిట్యూట్లు వచ్చిందే 1970లో.

అమెరికా ఎన్ఎఫ్ఎల్‌లో సీజన్ మధ్యలో ఆటగాణ్ణి 'ఇంజూర్డ్ రిజర్వ్'లో పెడితే 53 మంది జాబితాలో అతని చోటు ఖాళీ అవుతుంది, వేరేవాణ్ణి తీసుకోవచ్చు. అతను కనీసం 4 మ్యాచ్‌లు ఆడకూడదు. 'నేను బానే ఉన్నా' అన్నా కుదరదు.

జ్వరంతో రిలీజ్ చేసినవాడికి చప్పట్లు కొట్టే మన ఆఫీసులకి ఈ రూల్ ఎప్పుడొస్తుందో!