గేదె పాలతో కుల్ఫీ: పాడి రైతుకు అదనపు ఆదాయం

పాల కేంద్రంలో వెన్న శాతాన్ని బట్టి వచ్చే ధరకు మించి రాబడి కావాలంటే పాలను సరుకుగా మార్చి అమ్ముకోవాలి. వాటిలో ఐస్‌క్రీమ్‌కు వేసవిలో మంచి గిరాకీ ఉంటుంది. కానీ దానికి గాలి కలుపుతూ గడ్డకట్టించే యంత్రం కావాలి. గేదెలున్న చిన్న రైతు కుల్ఫీతో మొదలుపెట్టడం మేలు. దీనికి యంత్రం అక్కర్లేదు. పొయ్యి, మందపాటి కళాయి, అచ్చులు, డీప్ ఫ్రీజర్ ఉంటే చాలు.

ప్రమాణాలు

ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం ఐస్‌క్రీమ్‌లోగాని, కుల్ఫీలోగాని పాల కొవ్వు కనీసం 10 శాతం, మొత్తం ఘనపదార్థాలు 36 శాతం, మాంసకృత్తులు 3.5 శాతం ఉండాలి. వనస్పతి లేదా నూనె కలిపితే దాన్ని ఐస్‌క్రీమ్ అనకూడదు, ఫ్రోజెన్ డెజర్ట్ అని రాయాలి. అచ్చంగా పాల కొవ్వుతో చేయడమే మీ సరుకు బలం.

తయారీ విధానం

6.5 శాతం వెన్న, 9 శాతం ఎస్‌ఎన్‌ఎఫ్ ఉన్న 10 కిలోల గేదె పాలు తీసుకోవాలి.

1. ముందుగా ఖాళీ కళాయిని తూచి బరువు రాసుకోవాలి. పాలను వడకట్టి, అడుగంటకుండా కలుపుతూ మరిగించాలి.
2. పాలు 5.4 కిలోలకు దిగాక 800 గ్రాముల పంచదార వేసి కరిగించాలి. మొత్తం 6.2 కిలోలు అవుతుంది. ఇందులో కొవ్వు సుమారు 10.5 శాతం, ఘనపదార్థాలు సుమారు 38 శాతం ఉంటాయి.
3. పాలలో వెన్న 6 శాతమే ఉంటే పంచదారతో కలిపి 5.8 కిలోలు మిగిలేవరకు మరిగించాలి.
4. దించాక గిన్నెను ఐసు నీళ్లలో ఉంచి త్వరగా చల్లార్చాలి. యాలకుల పొడి, జీడిపప్పు చల్లారాకే కలపాలి.
5. అచ్చుల్లో పోసి, మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకన్నా చల్లగా ఉన్న ఫ్రీజర్‌లో రాత్రంతా ఉంచాలి.

మామిడి గుజ్జును వేడి పాలలో వేస్తే విరిగిపోతాయి. పూర్తిగా చల్లారాకే కలపాలి. గుజ్జులో నీరు ఎక్కువ కాబట్టి కొవ్వు శాతం తగ్గుతుంది. అందుకని పాలను ఇంకొంత చిక్కగా మరిగించుకోవాలి.

పాటించాల్సిన జాగ్రత్తలు

పొదుగువాపు ఉన్న గేదె పాలు వాడకూడదు. యాంటీబయాటిక్ మందు వేసిన పశువు పాలను, పశువైద్యుడు చెప్పిన గడువు తీరేవరకు పక్కన పెట్టాలి. మరిగిన తర్వాత చేతులు, గరిటెలు, అచ్చుల ద్వారానే సరుకు చెడుతుంది. కాబట్టి వీటిని వేడినీటితో శుభ్రం చేయాలి. కరిగిన కుల్ఫీని మళ్లీ గడ్డకట్టించి అమ్మకూడదు. గరుకుగా మారడమే కాక, తిన్నవారికి జబ్బు చేసే ప్రమాదం ఉంది. కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్ మూత తీయకూడదు.

లాభం ఎక్కడ పోతుంది?

ఈ లెక్క ఉదాహరణకే. మీ ఊరి ధరలు వేసి చూసుకోండి. 10 కిలోల పాలు కిలో 60 రూపాయల చొప్పున 600, పంచదార 40, జీడిపప్పు, యాలకులు 110, గ్యాస్, కరెంటు 100, పుల్లలు, కవర్లు 90, కూలి 300. మొత్తం ఖర్చు 1,240 రూపాయలు. 60 గ్రాముల చొప్పున సుమారు 100 కుల్ఫీలు వస్తాయి.

మీరే ఒక్కోటి 20 రూపాయలకు అమ్మితే 2,000 వస్తుంది, మిగులు 760. దుకాణానికి 15 చొప్పున వేస్తే మిగులు 260 మాత్రమే. అందులో 20 కుల్ఫీలు కరిగిపోతే వచ్చేది 1,200, అంటే 40 రూపాయల నష్టం. అందుకే ముందు అమ్మకం చూసుకోవాలి, తర్వాతే పాలు మరిగించాలి. దుకాణంలో ఫ్రీజర్ రాత్రిళ్లు ఆపేస్తారేమో కనుక్కోవాలి. ఫ్రీజర్ ఖరీదు, మరమ్మతులను కూడా లెక్కలో వేసుకోవాలి.

అనుమతులు, పన్ను

అమ్మకం మొదలుపెట్టక ముందే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. కవరుపై ఆ నంబరు, తయారీ తేదీ, గడువు, బరువు, ధర, శాకాహార గుర్తు ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఐస్‌క్రీమ్‌పై జీఎస్‌టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. అయితే ఐస్‌క్రీమ్ తయారీదారులకు కాంపోజిషన్ పథకం వర్తించదు. 40 లక్షల మినహాయింపు కూడా లేదు. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్‌టీలో నమోదు కావాలి.

కేంద్రానికి పాలు మానేయవద్దు

చలికాలంలో గేదెల పాలు ఎక్కువ, కుల్ఫీకి గిరాకీ తక్కువ. వేసవిలో ఇది తలకిందులవుతుంది. కాబట్టి కేంద్రానికి పాలు పోస్తూనే, ఒక పూట పాలలో 10 కిలోలు మాత్రమే కుల్ఫీకి మళ్లించండి. ఒక వేసవంతా రోజువారీ అమ్మకం, మిగిలిన సరుకు పుస్తకంలో రాయండి. లెక్క బాగుంటేనే ఐస్‌క్రీమ్ యంత్రం గురించి ఆలోచించండి. అప్పు చేసి యంత్రం కొని, తర్వాత కొనేవారి కోసం వెతకడం మంచిది కాదు.