సంగీత చికిత్సకులు: వృత్తి ధ్రువీకరణము, అభ్యాస విజ్ఞానము

సంగీత చికిత్స యనగా రోగి యొక్క శారీరక, మానసిక, సామాజికావసరములను పరిశీలించి, ముందుగా నిర్ణయించుకొనిన లక్ష్యముల సిద్ధికై గానమును, వాద్యమును, లయను శిక్షితుడైన వ్యక్తి ప్రయోగించెడి ఆరోగ్యవృత్తి. ఇంపైన పాట వినిపించుట మాత్రమే చికిత్స కానేరదు. పరిశీలనము, లక్ష్యము, ప్రయోగము, ఫలమాపనము అను నాలుగును కూడినప్పుడే దానికి ఆ పేరు చెల్లును.

చరిత్ర

నాదమునకును దేహమునకును గల సంబంధము మన శాస్త్రకారులకు క్రొత్తది గాదు. వైద్యవంశజుడైన శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దమున దేవగిరి యాదవుల కొలువునందుండి రచించిన ‘సంగీత రత్నాకరము’లో, స్వరవివరణమునకు ముందే, నాదమున కాశ్రయమైన మానవదేహము యొక్క ఉత్పత్తిని వర్ణించెను. ఇటీవలి కాలమున మంగళంపల్లి బాలమురళీకృష్ణ సంగీత చికిత్సయందు విశేషాసక్తి వహించెను. అయినను ఇది విశ్వవిద్యాలయ విద్యగా రూపొందినది అమెరికాలో. ప్రపంచయుద్ధముల కాలమున సైనిక వైద్యశాలలలో గాయకులు పాడగా రోగులకు కలిగిన ఉపశమనమును గమనించిన వైద్యులు, పాడనేర్చుటయే గాక రోగిని ఎరిగిన వారిని కోరిరి. 1944లో మిచిగన్ స్టేట్ విద్యాసంస్థయందు తొలి పాఠ్యక్రమమును, 1950లో జాతీయ సంఘమును ఏర్పడినవి.

ధ్రువీకరణము

అమెరికాలో సంగీత చికిత్సకుల సర్టిఫికేషన్ బోర్డు 1983లో స్థాపితమైనది. అభ్యర్థి గుర్తింపుగల పాఠ్యక్రమమును, అందులో భాగముగా 1200 గంటల చికిత్సాశిక్షణమును పూర్తిచేసి, మూడు గంటలలో 150 ప్రశ్నలకు సమాధానము లిచ్చి ఉత్తీర్ణుడు కావలెను. ఆ ప్రశ్నలు పండితుల ఊహపై గాక, వృత్తిలో నున్నవారు నిజముగా చేయుచున్న పనిపై జరుపు పరిశీలనము ననుసరించి కూర్పబడును. ఈ ధ్రువీకరణము శాశ్వతము గాదు. అయిదేండ్ల కొకసారి నూరు విద్యాంకములు చూపియైనను, మరల పరీక్ష వ్రాసియైనను దానిని నిలుపుకొనవలెను. బ్రిటనులో 1997 నుండి ఈ వృత్తికి ప్రభుత్వపు నమోదు కలదు. నమోదు లేనివాడు ‘సంగీత చికిత్సకుడు’ అను బిరుదము నచ్చట ధరింపరాదు.

భారతదేశమున 1992 నాటి పునరావాస మండలి చట్టము క్రింద నమోదగు 16 తరగతులలో వాక్చికిత్సకులు, ప్రత్యేకోపాధ్యాయులు ఉన్నారు గాని సంగీత చికిత్సకులు లేరు. అయినను పుదుచ్చేరిలోని శ్రీ బాలాజీ విద్యాపీఠమువంటి కొన్ని సంస్థలు ఈ విద్యను గరపుచున్నవి.

అభ్యాస విజ్ఞానము

చికిత్సకుని పని పాటతో గాక ప్రశ్నతో ఆరంభమగును. కర్నూలు జిల్లాలోని ఎమ్మిగనూరులోనో గూడూరులోనో బహుకాలము మగ్గము నేసిన వృద్ధునకు పక్షవాతము వచ్చి నడక తడబడుచున్న దనుకొందము. చికిత్సకుడు వైద్యుని సూచనను, వినికిడిని, మూర్ఛవ్యాధి చరిత్రను విచారించును. ఏలయనగా కొందరికి సంగీతమే మూర్ఛను రేపవచ్చును. పిమ్మట నిమిషమునకు రోగి వేయగల అడుగుల నెంచి, అదే వేగమున తాళము నందించి, పాదము తాళమునకు కుదిరిన తరువాతనే వేగమును నూటికి అయిదు, పది పాళ్ల చొప్పున పెంచును. మాట పడిపోయినచో, పలుకలేని పదములను రాగయుక్తముగా ననిపించి క్రమముగా మాటలోనికి మరల్చు పద్ధతి 1973 నుండి ప్రసిద్ధము. ప్రతి సమావేశపు ఫలమును వ్రాసి యుంచుట, లక్ష్యము నెరవేరగనే చికిత్సను ముగించుట, రోగి రహస్యములను కాపాడుట, తన శక్తికి మించిన రోగమును తగినవారికి అప్పగించుట అతని ధర్మములు.

ఈ వృత్తిలో ప్రయోగములు ప్రధానముగా నాలుగు: అప్పటికప్పుడు కల్పించి వాయించుట, తెలిసిన పాటను పాడించుట, క్రొత్తపాటను కట్టించుట, వినిపించుట. ఫలానా రాగము ఫలానా వ్యాధికి మందు అను పట్టికలు లోకమున విరివిగా చెల్లుచున్నను, శిక్షితుడైన చికిత్సకుడు వానిపై ఆధారపడడు. ఒకనికి ఊరట నిచ్చిన రాగమే, దానిని ఆప్తుని మరణముతో ముడిపెట్టుకొనిన మరియొకనికి క్షోభ కలిగింపవచ్చును.

ఆదోని, ఎమ్మిగనూరు సీమ

రోగి సంగీతాభిరుచిని విచారించుట ఎంత అవసరమో ఈ సీమ చక్కగా నిరూపించును. ఆదోని 1953 అక్టోబరు 1వ తేదీ వరకు బళ్ళారి జిల్లాలో నుండుటచే ఇచ్చట తెలుగు, కన్నడము, ఉర్దూ ఒకే వీధిలో వినబడును. మంత్రాలయమును, హరిదాసుడైన విజయదాసు నిర్యాణము నొందిన చిప్పగిరియు సమీపముననే యుండుటచే దాసపదములు పెక్కు ఇండ్లలో నిత్యగేయములు. చెక్కభజన, కోలాటము పల్లెల సొత్తు. పీర్ల పండుగ పాటలకు మతభేదము లేదు. కావున ఇంటి పేరును, మతమును చూచి పాటను నిర్ణయించుట పొరపాటు. రోగినే, అతడు మాటాడలేనిచో ఇంటివారినే అడుగవలెను.

చికిత్సకుని ఆశ్రయింపగోరు కుటుంబము, అతడు ఎచ్చట శిక్షణము పొందెను, లక్ష్యము నేమని నిర్ణయించెను, ఫలమును ఎట్లు కొలుచును, రోగి వైద్యునితో సంప్రదించెనా అని విచారింపవలెను. వీనికి సమాధానము లేనిచోట జరుగునది ఎంత మధురమైనను సంగీతశ్రవణమే. అదియు మేలు చేయవచ్చును గాని దానిని నమ్మి మందులు మానరాదు.